ఆటను ఊరి నుంచి విడదీయడం ఎవరి కోసం?

ఆటను ఆటగానే చూడాలనీ, జట్టు గెలుపోటముల గురించి మాట్లాడే అభిమాని ప్రభుత్వం, పోలీసు, రోడ్డు, ఓటు, మతం వంటి వ్యవహారాల జోలికి పోకూడదనీ చెప్పే అభిప్రాయం తెలుగునాట చాలాకాలంగా చెలామణిలో ఉంది. పత్రికలు క్రీడావార్తలకు వేరే పుట కేటాయించడంలోనూ, క్రికెట్ సంఘాల పెద్దలు ప్రశ్న ఎదురైనప్పుడల్లా రాజకీయాలు తేవద్దని కోరడంలోనూ, చదువుకున్న ప్రేక్షకులు తమ పక్క కుర్చీలోని మనిషిని బంతి మీద చూపు పెట్టమని మందలించడంలోనూ ఇదే అభిప్రాయం పనిచేస్తుంది. అది ఎంత మర్యాదగా వినిపిస్తుందంటే, దాన్ని కాదనేవాడు ఆటను ప్రేమించనివాడని లోకం తేలిగ్గా నమ్ముతుంది. హైదరాబాద్ పాతబస్తీ చరిత్రను, అక్కడి మైదానాలను, అక్కడి నుంచి వచ్చిన ఆటగాళ్ల జీవితాలను దగ్గర పెట్టుకుని పరిశీలిస్తే ఈ అభిప్రాయం తప్పని తేలడమే కాదు, దానివల్ల నష్టపోయేది ఎవరో కూడా స్పష్టమవుతుంది.

పాతబస్తీలో ఆట కబుర్లకు అసలైన చోటు చబుత్రా. ఇంటి ముందో, దుకాణం ముందో, గల్లీ మలుపులోనో కట్టి ఉండే ఎత్తైన అరుగును అక్కడ చబుత్రా అంటారు. పల్లెల్లో రచ్చబండకు ఉన్న స్థానమే శాలిబండ, మొఘల్‌పురా, గౌలిపురా, బార్కస్ వంటి బస్తీల్లో దానికీ ఉంది. రాత్రి భోజనాల తర్వాత అక్కడ చేరినవారు సన్‌రైజర్స్ బౌలింగుతో మొదలుపెట్టి, టికెట్ల ధరకు, అక్కడి నుంచి ఉప్పల్‌కు వెళ్లడానికి దిక్కులేని రవాణాకు, ఆ తర్వాత మెట్రోకు, చివరికి ఎమ్మెల్యేకు చేరుకోవడానికి పది నిమిషాలు పట్టదు. పైన చెప్పిన అభిప్రాయం దీన్ని గందరగోళంగా, రెండు వేర్వేరు విషయాలను కలగలిపేసే అలవాటుగా భావిస్తుంది. కానీ ఆ మాట సాగే దారిలో తర్కం తెగిన చోటు ఒక్కటీ కనిపించదు. ఒక్కో ప్రశ్న ముందు ప్రశ్నలోంచే పుడుతుంది. జట్టు వార్త ఊరి వార్తే కాబట్టి అలా జరుగుతోందన్నది ఇక్కడి ప్రతిపాదన.

ఈ ప్రతిపాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం హైదరాబాద్ ఫుట్‌బాల్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. బొంబాయిలో 1891 నుంచి జరుగుతూ వచ్చిన ఈ పోటీ, 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్పు, కలకత్తాలోని ఐఎఫ్ఏ షీల్డు అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్ జట్ల స్థాయిని తేల్చిన మూడు పెద్ద పోటీలు. పోలీసు జట్టు డ్యూరాండ్ కప్పు కూడా పలుమార్లు తెచ్చింది; రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58 సంవత్సరాల్లో వరసగా రెండుసార్లు గెలుచుకుంది. ఈ వైభవానికి కారణం సయ్యద్ అబ్దుల్ రహీం అనే శిక్షకుడి ప్రతిభ అని చెప్పడం ఆనవాయితీ. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, బడిపంతులుగా బతుకు మొదలుపెట్టి, 1950 నుంచి 1963 జూన్‌లో మరణించేదాకా పోలీసు జట్టునూ, భారత జట్టునూ తీర్చిదిద్దిన రహీం ప్రతిభ గురించి రెండో మాట అక్కర్లేదు. అయితే ఒక్క మేధావి ఉంటే జట్టు తయారవుతుందనుకునే కథనం, ఆ జట్టు పేరులో ఉన్న 'పోలీస్' అనే మాటను చూడకుండా దాటిపోతుంది.

ఆ మాటలోనే అసలు సంగతి ఉంది. ఆ కాలంలో భారతీయ ఫుట్‌బాల్ బలం చాలావరకు శాఖాపరమైన జట్ల మీద ఆధారపడింది. అంటే పోలీసు, రైల్వే, సైన్యం వంటి ప్రభుత్వ శాఖలు ఆటగాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకుని, జీతమిచ్చి, సాధనకు సమయం కేటాయించి నడిపిన జట్లన్నమాట. పేద ఇంటి కుర్రవాడికి బంతిని తన్నడం వచ్చినంత మాత్రాన ఇంట్లో పొయ్యి వెలగదు. కానిస్టేబులు ఉద్యోగం వస్తే వెలుగుతుంది, తెల్లవారుజామున మైదానానికి వెళ్లడానికి కాళ్లలో బలమూ ఉంటుంది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వంటివారు పోలీసు జట్టులో ఆడి, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో చోటు సంపాదించిన తోవ అదే. ఇంకొక సంగతి కూడా మరువరాదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన రెండేళ్లకు, ఆ రాజ్యపు పోలీసు శాఖ పేరు పెట్టుకున్న జట్టు బొంబాయికి వెళ్లి కప్పు గెలిచింది. ఓడిపోయామన్న బాధలో, రేపేమవుతుందో తెలియని భయంలో ఉన్న ఒక నగరానికి ఆ గెలుపు ఏమిటో, దాన్ని వట్టి స్కోరుగా చదివేవారికి అర్థం కాదు.

ఆ జట్టు తగ్గుముఖం పట్టడం కూడా ఊరి వ్యవహారమే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అది ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టుగా మారింది. మంచి ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు కలకత్తా రైలెక్కారు; సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లగా, తర్వాతి తరంలో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టారు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టులో వాళ్లిద్దరూ ఉన్నారు. 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బాగాన్ తరఫున హబీబ్ గోలు కొట్టాడు. కుర్రకారు క్రికెట్ మోజులో పడి ఫుట్‌బాల్‌ను వదిలేశారన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంటుంది. అది నిజమైతే బార్కస్‌లో ఈనాటికీ ఫుట్‌బాల్ బతికి ఉండటాన్ని ఎలా వివరిస్తారు? నిజాం సైన్యంలోని అరబ్బు సిపాయిల బారకుల నుంచి పేరు తెచ్చుకున్న ఆ బస్తీలో యెమెన్ మూలాలున్న చావూష్ కుటుంబాల పిల్లలు తరాలుగా ఫుట్‌బాల్ ఆడుతూనే ఉన్నారు. తగ్గింది పిల్లల మోజు కాదు, ఆ మోజును జీవనోపాధిగా మార్చే ఉద్యోగాల సంఖ్య. నియామకాల విధానం, క్రీడాకోటా, శాఖల బడ్జెటు అనే మూడు విషయాలు ప్రస్తావించకుండా హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర రాయబోతే మిగిలేది పాత ఫొటోలకు దండలు వేసే వ్యాసమే.

రహీం ఆఖరి విజయం ఈ వాదానికి మరో కోణం నుంచి బలమిస్తుంది. 1962లో జకార్తాలో జరిగిన నాలుగో ఆసియా క్రీడలకు ఆతిథ్య దేశమైన ఇండొనేషియా ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వకపోవడంతో, అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలో భారత సభ్యుడైన గురుదత్ సోంధీ ఆ క్రీడలను ఆసియా క్రీడలుగా గుర్తించకూడదని అభ్యంతరం చెప్పారు. ఆ కోపం భారత రాయబార కార్యాలయం మీద దాడి దాకా వెళ్లింది. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్ ఆడిన భారత జట్టును సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్షమంది ప్రేక్షకులు ఆట పొడవునా ఎగతాళి చేశారు. పి.కె. బెనర్జీ, తలకు కుట్లు పడినా మైదానంలోకి దిగిన జర్నైల్ సింగ్ కొట్టిన రెండు గోల్స్‌తో భారత్ 2-1 తేడాతో స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి బలరాం, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్ ఉన్నారు. క్యాన్సర్ ముదిరిన శరీరంతో రహీం పక్కన నిలబడ్డారు. ఒక దౌత్య వివాదాన్ని తీసేసి ఆ మ్యాచ్‌ను ఎవరైనా వర్ణించగలరా? వర్ణించగలిగినా, ఆ గెలుపు ఎంత కష్టమైనదో చదువరికి తెలుస్తుందా? ఆటను దాని చుట్టూ ఉన్న లోకం నుంచి కోసి తీస్తే ఆట శుభ్రపడదు, చిన్నదైపోతుంది.

పాత చరిత్రను పక్కనపెట్టి నేటి అభిమాని రోజువారీ అనుభవాన్ని తీసుకున్నా ఇదే కనిపిస్తుంది. హైదరాబాద్‌లో టెస్టు క్రికెట్ 1955 నవంబరులో ఫతే మైదాన్‌లో మొదలైంది. 1687లో గోల్కొండ ముట్టడి నాడు మొఘల్ సేనలు విడిదిచేసిన చోటుగా చెప్పుకునే ఆ మైదానానికి తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. చార్మినార్ నుంచి అది నాలుగైదు కిలోమీటర్ల దూరం. సైకిలు మీద, బస్సు మీద, ఓపికుంటే కాలినడకన వెళ్లగలిగే దూరం. 2005లో ఉప్పల్‌లో కొత్త స్టేడియం వచ్చాక అంతర్జాతీయ క్రికెట్ అక్కడికి తరలిపోయింది. పాతబస్తీ ప్రేక్షకుడికి దూరం దాదాపు మూడు రెట్లయింది. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో రైలు మొదలైనప్పుడు ఆ మార్గంలో ఒక స్టేషనుకు స్టేడియం అనే పేరే పెట్టారు. మ్యాచుల రోజుల్లో రాత్రి పొద్దుపోయేదాకా అక్కడి నుంచి రైళ్లు నడుపుతారు. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా వేయాల్సిన మార్గం మాత్రం 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వద్దే, మూసీ ఒడ్డునే ఆగిపోయింది. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లు పాతబస్తీవే. 2024 మార్చి 8న ఫలక్‌నుమా వద్ద ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసేదాకా ఆ ముక్క కాగితం మీదే ఉండిపోయింది.

కాబట్టి లాల్ దర్వాజా కుర్రవాడు ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్ చూసి, అర్ధరాత్రి మూసీ దాటి ఇల్లు చేరడానికి ఆటోవాడితో బేరమాడుతూ మెట్రో ఎందుకు రాలేదని అడిగితే, ఆ ప్రశ్నను క్రీడల పుటలో వేయాలా, నగర వార్తల పుటలో వేయాలా? ఆ విభజన పత్రికా కార్యాలయం సౌకర్యం కోసం ఏర్పడింది. హైటెక్ సిటీ అభిమానికి రవాణా సమస్య కాదు కనుక అతనికి ఆట ఆటగానే కనిపిస్తుంది. పాతబస్తీ అభిమానికి టికెట్టు ధర కంటే తిరుగుప్రయాణం బరువు కనుక అతని నోట ఆట వెంటే ఊరు వస్తుంది. ఆటను ఆటగానే చూడగలగడం సౌకర్యం ఉన్నవాడికి దక్కిన వెసులుబాటు. దాన్ని అందరికీ వర్తించే నీతిగా ప్రకటించడం అన్యాయం.

పాతబస్తీలోని మైదానాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. సిటీ కాలేజీ, హైకోర్టుల సమీపంలో నగర నిర్మాత పేరు మోస్తున్న కులీ కుతుబ్ షా స్టేడియం ఉంది. అది దాటితే ఇరుకు గల్లీలే పిల్లలకు మైదానాలు. రంజాన్ మాసపు రాత్రుల్లో వీధిదీపాల కింద టెన్నిస్ బంతితో తెల్లవార్లూ సాగే మ్యాచులను చూసి ముచ్చటపడే రచయితలు చాలామందే ఉన్నారు. ఆ ముచ్చట వెనక మైదానం లేకపోవడమనే లోటు ఉందని గుర్తించి రాసేవారు తక్కువ.

ఇక మైదానంలోకి రాజకీయాలు రాకూడదన్న మాట. లాల్ బహదూర్ స్టేడియంలోనే 1983 జనవరి 9న నందమూరి తారక రామారావు, 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేశారు. ప్రభుత్వ ఇఫ్తార్ విందులూ అక్కడే జరిగాయి. అందులో తప్పుపట్టవలసింది లేదు; నగరం నడిబొడ్డున జనం కూడగలిగిన చోటు అది. కానీ ప్రభుత్వాలు పుట్టే చోటుగా ఆ నేలను అంగీకరించినవారు, అదే నేల మీద కూర్చున్న ప్రేక్షకుడు ప్రభుత్వాన్ని తలుచుకుంటే ఆటకు మచ్చ అనడం ఏ న్యాయానికీ నిలవదు.

ప్రత్యర్థుల వాదనలో బలమైన భాగం ఒకటి ఉంది, దాన్ని గౌరవంగానే ఎదుర్కోవాలి. రాజకీయ నాయకులు క్రీడాసంఘాల్లో చొరబడి వాటిని పాడుచేశారనీ, అందుకే ఆటను రాజకీయాలకు దూరంగా ఉంచాలనీ వారంటారు. మొదటి సగం నిజం. రెండో సగం దాని నుంచి రాదు. హైదరాబాద్ క్రికెట్ సంఘాన్నే చూస్తే, అక్కడ ఓటు హక్కు ప్రధానంగా క్లబ్బులది. లీగు పోటీల్లో ఆడే ఈ క్లబ్బులను ఒకే వ్యక్తి లేదా కుటుంబం పదుల సంఖ్యలో చేతిలో పెట్టుకుంటే సంఘం ఎన్నికలూ, వాటి వెంట జట్ల ఎంపికలూ వారి గుప్పిట్లోకి పోతాయి. 2023లో సుప్రీంకోర్టు ఆ సంఘం బాధ్యతను విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుకు అప్పగించింది, ఇలా ఒకే చేతి కింద ఉన్న యాభైకి పైగా క్లబ్బులను ఆయన ఓటింగుకు దూరం పెట్టారు. 2025 మార్చిలో ఉచిత పాసుల విషయమై సంఘానికీ సన్‌రైజర్స్ యాజమాన్యానికీ వివాదం రేగి, రాష్ట్ర ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. ఈ రోగాలన్నీ అభిమానులు రాజకీయం మాట్లాడినందువల్ల పుట్టాయా? సంఘం లోపలి ఓట్ల లెక్క అభిమానికి అనవసరమనీ, అతను పరుగుల లెక్క చూసుకుంటే చాలనీ దశాబ్దాలు చెప్పినందువల్లే అవి పెరిగాయి. నాయకుడు పదవి కోసం చొరబడటం వేరు, పౌరుడు జవాబు కోసం ప్రశ్నించడం వేరు. రెంటికీ రాజకీయమనే ఒక్క పేరే తగిలించి, మొదటిదాని మీది అసహ్యంతో రెండోదాని నోరు మూయించడం ఈ వాదంలోని ప్రధాన దోషం.

స్థానిక ఆటగాళ్ల వివాదం ఈ తేడాను బాగా చూపిస్తుంది. 2021 ఫిబ్రవరిలో ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ సన్‌రైజర్స్ జట్టులో హైదరాబాద్ వాళ్లు లేరని విమర్శిస్తూ, తీసుకోకపోతే మ్యాచులు జరగనివ్వమన్నట్టు మాట్లాడారు. ఆ హెచ్చరిక తప్పు. ఫ్రాంచైజీ అంటే లీగు నుంచి ఒక నగరం పేరుతో జట్టు నడిపే హక్కు కొనుక్కున్న సంస్థ. వేలంలో ఎవరిని కొనాలో చట్టసభ సభ్యుడు బెదిరించి చెప్పరాదు. అయినా, ఆ హెచ్చరికను ఖండించిన విశ్లేషకులు దానితోపాటు ప్రశ్ననూ పారేశారు. ఆటోడ్రైవర్ కొడుకైన మహమ్మద్ సిరాజ్ ఫస్ట్ లాన్సర్ గల్లీల్లో టెన్నిస్ బంతితో ఆట నేర్చి, 2017లో సన్‌రైజర్స్‌కే తొలి ఐపీఎల్ ఆడి, మరుసటి ఏడాదే బెంగళూరు జట్టుకు వెళ్లాడు. 2025 ఏప్రిల్ 6న గుజరాత్ టైటాన్స్ తరఫున ఉప్పల్‌కు వచ్చి, 17 పరుగులకు 4 వికెట్లు తీసి హైదరాబాద్‌ను ఓడించాడు. ఆ రాత్రి చబుత్రా మీద వినిపించే ప్రశ్న సహజమైనది: ఊరి పేరు జట్టుకు అమ్మితే, ఊరికి తిరిగి వచ్చేదేమిటి? పాత మొయినుద్దౌలా గోల్డ్ కప్పు లాంటి పోటీల్లో పెద్ద ఆటగాళ్ల పక్కన ఊరి కుర్రాళ్లకు ఆడే అవకాశం ఉండేది. ఇప్పుడు గల్లీ నుంచి లీగుకు, లీగు నుంచి రంజీకి ఉన్న మెట్లు ఎందుకు విరిగాయో అడిగేవాడు సన్‌రైజర్స్‌కు శత్రువు కాదు, ఆటకు ఆప్తుడు.

పాతబస్తీ విషయంలో ఈ అభిప్రాయం మరింత కఠినంగా మారుతుంది; ఈ వ్యాసం ఎక్కువగా నిలవవలసిన చోటు ఇదే. ఆటలోకి రాజకీయాలు తేవద్దని అందరికీ చెప్పేవారే పాతబస్తీ అభిమానికి మాత్రం ఆటనే రాజకీయ పరీక్షగా పెడతారు. 1990లో బ్రిటన్‌లో నార్మన్ టెబిట్ అనే కన్జర్వేటివ్ నాయకుడు, వలస వచ్చిన ఆసియావాసులు క్రికెట్‌లో ఏ జట్టును సమర్థిస్తారన్న దాన్నిబట్టి వారి విధేయతను తూచవచ్చన్నాడు. అదే తక్కెడ ఇక్కడి గల్లీల్లోనూ వేలాడుతోంది. 2014లో సానియా మీర్జాను తెలంగాణ ప్రచారకర్తగా నియమించినప్పుడు, ఆమె భర్త పాకిస్థాన్ క్రికెటర్ కావడాన్ని పట్టుకుని ఆమె ఈ గడ్డ బిడ్డేనా అన్న చర్చ లేవదీశారు. దేశం జెండా కింద ఆడిన మనిషికే ఈ గతి పడితే, గ్యాలరీలో కూర్చున్న పేరులేని ప్రేక్షకుడి సంగతి ఊహించవచ్చు.

1999 జనవరి 31న చెపాక్‌లో భారత్‌ను ఓడించిన పాకిస్థాన్ జట్టు మైదానం చుట్టూ తిరుగుతుంటే చెన్నై ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇరవై ఏళ్లకు పైగా దాన్ని క్రీడాసంస్కారానికి ఉదాహరణగా పుస్తకాల్లో, ప్రసంగాల్లో చెప్పుకుంటున్నారు, చెప్పుకోవలసిందే. 2023 అక్టోబరు 10న ఉప్పల్‌లో శ్రీలంక పెట్టిన 345 పరుగుల లక్ష్యాన్ని మహమ్మద్ రిజ్వాన్, అబ్దుల్లా షఫీక్ శతకాలతో పాకిస్థాన్ ఛేదించి ప్రపంచకప్ చరిత్రలోనే అతిపెద్ద ఛేదన నమోదు చేసినప్పుడు హైదరాబాద్ ప్రేక్షకులూ మనసారా చప్పట్లు కొట్టారు. అక్కడ ఆడింది భారత్ కూడా కాదు. ఒక నగరపు చప్పట్లు సంస్కారమైతే మరో నగరపు చప్పట్లు అనుమానం ఎలా అవుతాయి? ఈ నగరంలో సరిహద్దు కుటుంబాల మధ్యగా పోయిందన్నది తెలిసినవారికి ఆ చప్పట్లలో వింత కనిపించదు. 1955లో ఫతే మైదాన్‌లో జరిగిన తొలి టెస్టుకు భారత నాయకుడు హైదరాబాదీ గులాం అహ్మద్. ఆయన మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ ఇదే నగరంలో పుట్టి, హైదరాబాద్‌కు రంజీ ఆడి, 1961లో వలస వెళ్లి, 1979-80లో పాకిస్థాన్ నాయకుడిగా భారత్‌కు తిరిగి వచ్చాడు. జకార్తా ఫైనల్‌లో లక్షమంది ఎగతాళి మధ్య భారత జట్టును ఉత్సాహపరిచిన కొద్దిమందిలో పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారని ఆనాటి మన ఆటగాళ్లే గుర్తు చేసుకున్నారు. వీటన్నిటినీ తెలిసిన నగరం చప్పట్లు కొట్టడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

చబుత్రాకు కూడా అనుమానం తప్పలేదు. కొన్నేళ్ల కిందట దక్షిణ మండల పోలీసులు ఆపరేషన్ చబుత్రా పేరుతో, రాత్రివేళ అరుగుల మీద కూర్చున్న యువకులను స్టేషన్లకు తీసుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి మందలించి పంపారు. నేరాలు తగ్గించాలన్న ఉద్దేశాన్ని శంకించనక్కర్లేదు. అయితే నగరపు మరో చివర అర్ధరాత్రి దాకా కాఫీ దుకాణాల్లో అదే మ్యాచ్ గురించి మాట్లాడే అదే వయసు కుర్రాళ్లను ఎవరూ స్టేషనుకు తీసుకెళ్లరు. ఆటను గురించి ఎక్కడ కూర్చుని మాట్లాడవచ్చన్నదే ఇక్కడ పరిపాలనా విషయమైనప్పుడు, ఆ మాటల్లోకి పరిపాలన రాకూడదనడంలో అర్థం లేదు.

అభిమాని కేవలం కొనుగోలుదారుడన్న వాదం చిన్నది, త్వరగా తేలిపోతుంది. 2022 సెప్టెంబరులో భారత్, ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానంలో తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట విజయోత్సవానికి వచ్చినవారిలో 11 మంది చనిపోయారు. గేట్లు, వరసలు, బందోబస్తు, అనుమతుల గురించి ముందుగా అడిగే అభిమానిని ఆట చూసి పొమ్మన్నవారు ఆ రెండు రోజుల గురించి ఆలోచించాలి.

జట్లు ఊరు విడిచిపోవడమూ ఇలాంటిదే. 2010లో తెలంగాణ ఉద్యమం వేడెక్కినప్పుడు డెక్కన్ ఛార్జర్స్ సొంత మ్యాచులు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబయిలకు తరలిపోయాయి. అంతకుముందు ఏడాదే ఐపీఎల్ గెలిచిన జట్టు తన సొంత ఊళ్లో కనిపించలేదు. 2012లో ఆ జట్టే రద్దయింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రహీం నగరానికి ఫుట్‌బాల్ తిరిగొచ్చిందని పాత ఆటగాళ్లు సంబరపడ్డారు. ఆర్థిక ఇబ్బందుల్లో పడిన ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలి పేరే మార్చుకుంది. అమెరికాలో ప్రజల ఆట అయిన బేస్‌బాల్‌లోనూ ఇలాగే జరిగింది. నల్లజాతివారికి మూసుకుపోయిన అక్కడి అగ్రశ్రేణి లీగుల తలుపును 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్‌సన్‌ను బరిలో దింపి తెరిచిన జట్టు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ డాడ్జర్స్. కొత్త స్టేడియం స్థలం విషయమై యజమాని వాల్టర్ ఓ'మాలీకీ నగర నిర్మాణాధికారి రాబర్ట్ మోజెస్‌కీ పొత్తు కుదరక 1957 తర్వాత లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయినదీ ఆ జట్టే. బ్రూక్లిన్ అభిమాని ఆ జట్టుతో గడిపిన కాలానికి ఒక చివర జాతి వివక్ష, మరో చివర భూమి కేటాయింపు నిలిచాయి. ఆ రెంటినీ మాట్లాడకుండా బ్యాటింగు సగటులు చెప్పుకొమ్మంటే అతను తన జట్టును ఎలా తలుచుకోవాలి? డాడ్జర్స్ వెళ్లిన దశాబ్దాల తర్వాత కూడా బ్రూక్లిన్ ఆ గాయాన్ని మాట్లాడుతూనే ఉంది. హైదరాబాద్ తన ఫుట్‌బాల్ క్లబ్బు పోయిన సంగతిని క్రీడల పుట మూలలో చదివి ఊరుకుంది. ఆటను ఆటగా చూడమన్న బోధ సాధించినది ఆ మౌనమే.

2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం సిరాజ్‌ను డీఎస్పీగా నియమించింది. అంతకు కొద్దివారాల ముందు నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కూ అదే హోదా ఇచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో రహీం జీవితం మీద తీసిన మైదాన్ చిత్రం నగరంలోని హాళ్లలో ఆడింది. ప్రపంచాన్ని గెలిచి వచ్చినవారికి పోలీసు యూనిఫాం ఇవ్వడం సముచితమే. రహీం నాటి పోలీసు శాఖ ఆ యూనిఫాంను ఇంకా ఏమీ గెలవని కుర్రాళ్లకు, గెలవడానికి ముందే ఇచ్చింది. ఈ ఏడాది కానిస్టేబుల్ నియామకాల్లో ఫుట్‌బాల్ ఆడే బార్కస్ కుర్రాళ్లకు ఎన్ని ఉద్యోగాలు ఉన్నాయన్న ప్రశ్నను చబుత్రా మీది అభిమాని హోంశాఖనే అడగాలి, అడిగే హక్కు అతనికి 1950 నుంచీ ఉంది.